బాడుగ ధరల మార్పులు – డ్రైవరు రాబడి



సాయంకాలము కేంద్ర సచివాలయ ప్రాంతమున కార్యాలయములు వదలిన పిమ్మట ద్వారకకు పోవలసిన ఉద్యోగి చేతిలోని ఫోనుపై బండి కొరకు వెదకును. బండి దొరకినట్లు ఫోను చెప్పును. రెండు నిమిషములకు డ్రైవరు పిలిచి, ఎచ్చటికి పోవలెను, ఎంత చూపించుచున్నది, రొక్కమా ఆన్‌లైనా అని మూడు ప్రశ్నలు వేయును. జవాబు నచ్చనిచో బండి రాదు. ఆ ఉద్యోగి మెట్రోలో నిలుచుండి ఇల్లు చేరి, డ్రైవర్ల దురాశను గూర్చి ఇంటిల్లిపాదికిని చెప్పుకొనును. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ఆ మూడు ప్రశ్నల వెనుక ఒక లెక్క కలదు. ఆ లెక్క యెట్టిదో, ధర పెరిగినను తగ్గినను అది యెట్లు మారునో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

పూర్వము టాక్సీ యెక్కినవానికి ఇట్టి చిక్కు లేదు. మీటరు త్రిప్పుటయు, అది చూపినంత యిచ్చుటయు. మీటరు చెడిపోయినదని చెప్పు డ్రైవర్లు అప్పుడును ఉండిరి గాని, న్యాయమైన ధర యెంతయో పదిమందికిని తెలిసియుండెడిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 67వ సెక్షను బాడుగ ధరలను గూర్చి ఆదేశించు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చినది. వానయైనను, ఎండయైనను, పండుగయైనను ధర యొక్కటియే. ఓలా సంస్థ 2010లో పుట్టినది. అమెరికాలో ఆరంభమైన ఉబర్ 2013లో బెంగుళూరునకు వచ్చినది. వీనితో ధర నిర్ణయించు పని గెజిట్టునుండి యంత్రమునకు మారినది. బాడుగ అనినను, తెలంగాణమున వాడుకలోనున్నట్లు కిరాయి అనినను, అది యిపుడు క్షణక్షణమునకు మారు వస్తువు. ప్రయాణికునికి ఒక అంకెయు, డ్రైవరునకు వేరొక అంకెయు చూపుటకును ఆ యంత్రమునకు సాధ్యమే.

కేంద్రోద్యోగుల కుటుంబములకు ఈ విషయము బోధపడవలెనన్న కరువు భత్యమును తలచుకొన్న చాలును. ధరల సూచికను అనుసరించి జనవరి, జూలై నెలలనుండి వర్తించునట్లు ఏటికి రెండు పర్యాయములు భత్యము సవరింపబడును. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి – ఈ మూడు వాయిదాలు మహమ్మారి కారణమున నిలిపివేయబడినపుడు ప్రతి కాలనీలోను అదే చర్చ. 2021 జూలైలో భత్యము 17 శాతమునుండి 28 శాతమునకు పెరిగినను, నిలిచిన నెలల బకాయి రాలేదను బాధ కొందరికి నేటికిని కలదు. బాధ సహజమే. ఇక టాక్సీ డ్రైవరు సంగతి చూడవలెను. ఢిల్లీ నగరమున టాక్సీల మీటరు ధర 2013 తరువాత మరల 2023 జనవరి యందే సవరింపబడినది. ఏ.సి. లేని బండికి కిలోమీటరునకు 14 రూపాయలనుండి 17 రూపాయలు, ఏ.సి. బండికి 16 నుండి 20 రూపాయలు అయినది. ఈ నడుమ ఏమి జరిగినది? 2021 ఆరంభమున కిలో 45 రూపాయల లోపున్న సి.ఎన్.జి. 2022 డిసెంబరు నాటికి 79 రూపాయలు దాటినది. రెండేండ్లు తిరుగకమునుపే ఇంధనము ఒకటిన్నర రెట్లను మించిపోయిన కాలమున మీటరు ధర ఒక పైసయైనను కదలలేదు. ఫోనుపై పిలిచెడు బండ్లకు మీటరుతో నిమిత్తము లేదు గాని, వాని ధరకును ఇంధనపు ధరకును నడుమ ఏ సూచికయు లేదు.

డ్రైవరు లెక్క యెట్లుండునో ఒక ఉదాహరణముతో చూడవచ్చును. ఈ అంకెలు ఏ యొక్కని ఖాతాలోనివియు గావు, తెలియుటకై వేసికొన్నవి. ఒకడు దినమునకు 200 కిలోమీటర్లు బండి నడుపుననుకొందురు గాక. అందు ప్రయాణికుడు కూర్చున్న దూరము 120 కిలోమీటర్లు. తక్కిన 80 ఖాళీ పరుగు. అనగా పిలిచినవాని యొద్దకు పోవుటయు, దింపినచోటినుండి మరలి వచ్చుటయు. కిలోమీటరునకు 20 రూపాయలు చొప్పున వచ్చునది 2,400 రూపాయలు. అందు సంస్థ కమిషన్ నూటికి ఇరువది, అనగా 480. కిలో సి.ఎన్.జి.కి ఇరువది కిలోమీటర్లు నడచు బండికి పది కిలోలు కావలెను. కిలో 80 రూపాయల చొప్పున అది 800. కారు అప్పునకు నెలవాయిదా 15,000 అయినచో దినమునకు 500. ఇవి పోగా చేతికి మిగులునది 620 రూపాయలు. ఇందులోనుండి టైర్లు, మరమ్మతు, భీమా, చలానులు ఇంకను తీయలేదు.

ఇపుడు సంస్థ ధరను నూటికి పది తగ్గించినదనుకొందురు. ప్రయాణికునికి రెండు రూపాయల లాభము; పత్రికలో అది చిన్న వార్త. డ్రైవరునకు వచ్చునది 2,160. కమిషన్ 432 అగును. ఇంధనము మాత్రము 800లే, వాయిదా 500లే. మిగులునది 428. ధర తగ్గినది నూటికి పది. చేతిలోని సొమ్ము తగ్గినది నూటికి ముప్పదియొకటి. బాడుగను గూర్చి జరుగు వాదములన్నిటను ప్రజలు తరచుగా మరచునది దీనినే. పెట్రోలు బంకువాడును, బ్యాంకువాడును ధర తగ్గినదని తమ పాలు తగ్గించుకొనరు గదా. ఆ భారమంతయు చివర మిగులు చిన్న ముద్దపై పడును.

పోయిన 192 రూపాయలను మరల సంపాదించుటకు ఆ డ్రైవరు ప్రయాణికునితో మరి యిరువదియైదు కిలోమీటర్లు తిరుగవలెను. ఖాళీ పరుగుతో కలిపిన అది నలుబది పైచిలుకు. గంటకు ఇరువది కిలోమీటర్లు సాగుటయే గగనమగు వీథులలో అది రెండు గంటల పని. పదిగంటల దినము పండ్రెండు గంటలగును. రాత్రి పిల్లలు నిదురపోవక మునుపు ఇల్లు చేరువాడు వారు నిదురించిన పిమ్మట చేరును.

ఐతే సంస్థలవారి వాదమును కూడ వినవలెను. ధర తగ్గినచో ప్రయాణికులు పెరుగుదురు, బండి ఖాళీగ నిలుచు కాలము తగ్గును, కావున గంటకు రాబడి తగ్గదు సరికదా పెరుగును అని వారందురు. ఇది బొత్తిగా కల్పన గాదు. పై ఉదాహరణములోనే, 200 కిలోమీటర్లలో ప్రయాణికునితో తిరుగు దూరము 120 నుండి 140కి పెరిగినచో, 18 రూపాయల ధరకు కూడ చేతికి 716 రూపాయలు మిగులును. ఇది పాత 620 కంటె ఎక్కువ. ఉబర్ సంస్థ అమెరికాలో 2014, 2015, 2016 సంవత్సరముల జనవరి నెలలలో చలికాలపు గిరాకీ తగ్గుదలను చూపి అనేక నగరములలో ధరలు తగ్గించినపుడు చెప్పిన కారణమిదియే. కొన్నిచోట్ల గంటకు ఇంతకు తగ్గకుండ ఇత్తుమని కొంతకాలము హామీ కూడ ఇచ్చినది. హామీ గడువు తీరినది. తగ్గిన ధర మిగిలినది. డ్రైవర్లు వీథులలో నిలిచి నిరసన తెలిపిరి.

ధర పెరిగిన నాడు డ్రైవరునకు పండుగయా అనిన, అదియు నిలుకడ గల పండుగ కాదు. 20 రూపాయలు 22 అయినచో, అవే 120 కిలోమీటర్లకు చేతికి 812 మిగులును. మొదటి వారము సంతోషమే. కాని ధర హెచ్చగనే కొందరు ప్రయాణికులు బస్సునకును, మెట్రోకును మరలుదురు. రాబడి బాగున్నదని విని ఇంట నిలిపియుంచిన బండ్లు వీథికెక్కును. ఉన్నవారు మరి రెండు గంటలు తిరుగుదురు. 120 కిలోమీటర్లు 109కి దిగినచో చాలును, పెంపు మొత్తము హరించి మరల 620 వద్దకే వచ్చును. హాల్, హార్టన్, నోఫ్లే అను ఆర్థికవేత్తలు అమెరికా నగరములలోని ఉబర్ లెక్కలను వారము వారము పరిశీలించి ఇదే సంగతి తేల్చిరి. ధర మార్చిన వెంటనే డ్రైవరు గంట రాబడి అదే దిక్కునకు కదలును; కాని సుమారు ఎనిమిది వారములలో పూర్వపు స్థాయికి చేరువగ వచ్చును. ధర పెరిగిన ఊళ్ళలో బండి ఖాళీగ నుండు కాలము పెరిగినది, అంతే. పరిశోధకులలో ఆ సంస్థతో సంబంధము గలవారు ఉండుటయు, లెక్కలు ఆ సంస్థవే యగుటయు గుర్తుంచుకొనదగినదే. ఐనను తర్కము మాత్రము కొట్టివేయదగినది కాదు.

మరి ధరలెట్లున్న నేమి యని ఊరకుండవచ్చునా? ఇచ్చటనే అమెరికాకును భారతదేశమునకును గల భేదము గమనింపవలెను. అచ్చట అనేకులు వేరొక ఉద్యోగము చేయుచు, సొంతమునకు ఉన్న కారునే తీరిక వేళలలో బాడుగకు తిప్పుదురు. గిట్టనినాడు ఫోను కట్టివేసి ఇంట నుందురు. కావున ధర తగ్గినచో బండ్లు తగ్గును, మిగిలినవానికి పని పెరుగును, లెక్క సరిపడును. ఇచ్చట బండి బాడుగ కొరకే కొన్నది. పసుపుపచ్చని నంబరు పలక తగిలించి, అప్పుచేసి, బంగారము కుదువబెట్టి కొన్నది. రాబడి తగ్గినదని దానిని ఇంట నిలుపుటకు వీలులేదు. వాయిదా ఆగదు గనుక. ధర తగ్గిననాడు ఇచ్చటి డ్రైవరు వైదొలగుటకు మారుగ ఇంకను ఎక్కువ గంటలు నడుపును. అందరును అట్లే చేయుటచేత వీథిలో బండ్లు తగ్గుటకు బదులు పెరుగును. ఒక్కొక్కరికి దొరకు బేరము మరింత తగ్గును. ఇట్లు ఎనిమిది వారములలో సర్దుకొనవలసిన త్రాసు ఇచ్చట డ్రైవరు నిదురను తూకపురాయిగ వేసికొని సర్దుకొనును.

1997లో కామెరర్, థేలర్ మొదలగువారు న్యూయార్కు టాక్సీ డ్రైవర్లను గూర్చి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధమైనది. బేరము బాగున్నదినమున డ్రైవరు త్వరగా ఇల్లు చేరుననియు, బాగులేని దినమున ఎక్కువసేపు తిరుగుననియు, దినమునకింత అని మనసున లక్ష్యము పెట్టుకొనుటయే దీనికి కారణమనియు వారు వ్రాసిరి. తరువాత ఫార్బర్ అను పండితుడు ఇంకను విస్తారమైన లెక్కలు చూచి, అది సాధారణ నియమము కాదని వాదించెను. పండితుల తగవు అటుండగా, బోణీ మంచిదైనదా కాలేదా యని ఉదయమున చూచుకొను భారతీయ డ్రైవరునకు లక్ష్యము మనసులోనిది కాదు, బ్యాంకు పత్రములోనిది.

ఈ అప్పుల కథ కొంత చెప్పవలసియున్నది. 2014 మొదలు 2016 వరకు సంస్థలు రెండును ఒకదానితో నొకటి పోటీపడి, ప్రయాణికునికి తక్కువ ధరయు, డ్రైవరునకు ఎక్కువ ప్రోత్సాహకమును ఇచ్చినవి. దినమునకు ఇన్ని ట్రిప్పులు వేసినచో ఇంత అదనము. బాడుగ 100 రూపాయలైన డ్రైవరునకు అంతకు మించి ముట్టిన దినములు కలవు, నష్టము మదుపుదారులది. ఆ రాబడి శాశ్వతమని తలచి పల్లెలనుండి, చిన్న ఉద్యోగములనుండి ఎందరో వచ్చి కార్లు కొనిరి. పాలమూరు, నల్లగొండ ప్రాంతములనుండి హైదరాబాదునకు వచ్చినవారికిని ఇది వర్తించును. సంస్థలు ప్రోత్సాహకములను తగ్గించునప్పటికి అప్పు మాత్రము నాలుగైదేండ్లది. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ డ్రైవర్లు పదిదినములకు పైబడి సమ్మె చేసిరి. 2018 అక్టోబరులో ముంబయి డ్రైవర్లు చేసిరి. సమ్మెనాళ్ళలో ప్రయాణికులు ఇబ్బందిపడిన మాట నిజమే. మీటరు ధర తగ్గలేదు గదా, సమ్మె యెందులకని ఆనాడు ప్రశ్నించినవారు కలరు. ప్రోత్సాహకము తగ్గుటయు ధర తగ్గుటయే యను సంగతి వారికి తోచలేదు.

2024 ఏప్రిలులో హైదరాబాదున జరిగిన ఒక చిన్న ఉద్యమము ఈ లెక్కనంతను ఒక మీటలో చూపినది. కిలోమీటరునకు వచ్చు సొమ్ము చాలదనియు, ఏ.సి. వేసినచో ఇంధనపు ఖర్చు గిట్టుబాటు కాదనియు చెప్పి అచ్చటి డ్రైవర్ల సంఘమువారు ఏ.సి. వేయమని ప్రకటించిరి. మండు వేసవి. చెమటతో తడిసిన ప్రయాణికుడు డ్రైవరుతో తగవులాడినాడు గాని, ధర నిర్ణయించినవాడు ఆ బండిలో లేడు.

రద్దీవేళ హెచ్చు ధరను గూర్చి వేరుగ రెండు మాటలు. 2016 ఏప్రిలులో ఢిల్లీ ప్రభుత్వము సరి–బేసి విధానమును రెండవసారి అమలుపరచినపుడు ఈ హెచ్చు ధరను నిషేధించినది. ప్రయాణికులకు సంతోషము. వానలోను, పండుగ రాత్రులలోను హెచ్చు ధర బాధాకరమే. కాని దానిని పూర్తిగ తీసివేసినచో బండ్లు దొరకుట కష్టమగుటయు ఢిల్లీవాసులకు అనుభవమే. కార్యాలయములు వదలిన వేళ అందరును బయటికే పోవుదురు. ద్వారకనుండి నగరములోనికి ఆ వేళ వచ్చువారు అరుదు. ఇరువది కిలోమీటర్లు బేరము, ఇరువది కిలోమీటర్లు ఖాళీ. ఒక్క ధరతో రెండు పరుగుల ఖర్చు వెళ్ళవలెను. ఎచ్చటికి అని డ్రైవరు మొదట అడుగుట అందుకే. హెచ్చు ధరలో తనకు ముట్టు భాగమెంతయో తెలియని యెడల ఎంత చూపించుచున్నది అనియు అడుగును. రొక్కమైన సాయంకాలము గ్యాసు పోయించుకొనుటకు చేతిలో నుండును గనుక మూడవ ప్రశ్న.

చట్టము మెల్లగ ఈ దారి పట్టినది. 2019 సవరణతో ఇట్టి సంస్థలు మోటారు వాహనముల చట్టములోనికి వచ్చినవి. 2020 నవంబరులో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములు హెచ్చు ధరను మూలధరకు ఒకటిన్నర రెట్లకు పరిమితము చేసి, బాడుగలో నూటికి ఎనుబది పాళ్ళకు తగ్గకుండ డ్రైవరునకు ఈయవలెనని చెప్పినవి. 2025 జూలైలో వచ్చిన క్రొత్త మార్గదర్శకములు హెచ్చు ధరను రెండు రెట్లవరకు అనుమతించినవి. తగ్గింపు మూలధరలో సగమునకు దిగరాదన్నవి. సొంత బండి గలవానికి ఎనుబది పాళ్ళు నిలిచినవి. పై లెక్కను చూచినవారికి సగము ధర యన్న మాట వినగనే గుండె గుభిల్లుమనును: 20 రూపాయల మూలధర 10కి దిగినచో, 120 కిలోమీటర్లకు డ్రైవరునకు ముట్టు 960 రూపాయలలో ఇంధనము పోగా మిగులు 160 వాయిదాకైనను చాలదు. పై హద్దు ప్రయాణికుని కాపాడినంతగ క్రింది హద్దు డ్రైవరును కాపాడుట లేదు.

కర్ణాటక ప్రభుత్వము 2024 జనవరిలో వేరొక మార్గము త్రొక్కినది. బండి ఖరీదును బట్టి ఒకే ధరను అందరికిని నిర్ణయించినది. పది లక్షల లోపు బండికి మొదటి నాలుగు కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపై కిలోమీటరునకు 24 రూపాయలు. బెంగుళూరుననే 2022లో ఆరంభమైన నమ్మ యాత్రి కమిషన్‌నే తీసివేసినది. పిమ్మట దినసరి రుసుము పద్ధతి వ్యాపించి, 2025లో ఉబర్ ఆటోలకును, ఓలాకును ప్రాకినది. మన ఉదాహరణములో 480 రూపాయల కమిషన్ పోయి 60 రూపాయల రుసుము వచ్చినదనుకొన్న, చేతికి 620కి మారుగ 1,040 మిగులును. ఇది చిన్న మార్పు కాదు. కాని ఈ లాభమును చూచి క్రొత్త బండ్లు ఎన్ని దిగునో, 120 కిలోమీటర్లు ఎంతకు కుదించుకొనునో అన్న పాత ప్రశ్న మరల తలయెత్తును. బేరము లేనినాడును రుసుము కట్టవలెను.

న్యూయార్కు నగరము ఈ చిక్కుముడిని రెండు కొసలనుండి విప్పజూచినది. 2018 ఆగస్టులో క్రొత్త బండ్ల లైసెన్సులను ఆపినది. 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఖర్చులు పోను గంటకు 17.22 డాలర్లు మిగులునట్లు కనీస ధర నిర్ణయించినది. ఆ సూత్రములో బండి యెంత భాగము కాలము ప్రయాణికునితో నుండునో ఆ నిష్పత్తిని కూడ చేర్చిరి; ఖాళీ కాలము పెరిగినకొలది సంస్థ ట్రిప్పునకు ఎక్కువ ఈయవలెను. వేచియుండు గంటకు వెల కట్టిన పద్ధతి ఇది. సంస్థలు ఊరకుండక, బేరము మందముగ నున్న వేళలలో డ్రైవర్లను యాప్‌లోనికి రానీయకుండ తలుపు మూసినవి. ఐనను ఖాళీ కాలపు భారము ఎవరిదను ప్రశ్న అచ్చట బహిరంగముగ చర్చకు వచ్చినది.

2025 నాటి భారత మార్గదర్శకములు ఖాళీ పరుగును బొత్తిగ మరువలేదు. కనీస బాడుగ మూడు కిలోమీటర్లకు తక్కువ గాకుండ ఉండవలెననియు, ప్రయాణికుని యొద్దకు వచ్చు ఖాళీ పరుగు దానిలో కలిసియుండవలెననియు వ్రాసినవి. పిలిచినవాని వాకిటివరకు వచ్చుటకు అది చాలును. మూలధరను నిర్ణయించుట మాత్రము రాష్ట్రములకు వదలివేయబడినది. ద్వారకనుండి రాత్రివేళ ఖాళీగ మరలి వచ్చు ఇరువది కిలోమీటర్లను ఆ మూలధరలో చేర్చుదురా లేదా యనుటపై, సచివాలయము మలుపున నిలుచున్న ఉద్యోగికి బండి దొరకుటయు, డ్రైవరు ఇంటికి వాయిదా పోను ఏమి చేరుననుటయు ఆధారపడియున్నవి.